జీవితకాల వారంటీ పనిముట్లు: అమెరికా కొట్లలో ఏది మార్చి ఇస్తారు, ఏది అడగకూడదు

హోమ్ డిపోలో హస్కీ, లోవ్స్‌లో కోబాల్ట్, క్రాఫ్ట్స్‌మన్, హార్బర్ ఫ్రైట్‌లో పిట్స్‌బర్గ్, ఐకాన్. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ల గరాజుల్లో చాలావరకు ఈ చేతి పనిముట్ల బ్రాండ్లే కనిపిస్తాయి. అందరి అట్టల మీదా లైఫ్‌టైమ్ వారంటీ అనే ఉంటుంది. కానీ విరిగిన పానా పట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డప్పుడు అందరి దగ్గరా ఒకే మర్యాద దొరకదు. పనిముట్టు కొనేటప్పుడే ఆ తేడా తెలిసి ఉండాలి.

ముందు తీర్పు చెప్పేస్తాను. రాచెట్లు (లోపల పళ్లుండి, తీయకుండానే ముందుకూ వెనక్కీ ఆడిస్తూ నట్టు తిప్పే పిడులు), వాటికి తగిలించి నట్టు మీద తొడిగే సాకెట్లు, పానాలు కొనేటప్పుడు ఈ వారంటీకి విలువ కట్టి, దాని కోసం నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టడంలో తప్పులేదు. స్క్రూడ్రైవర్ల విషయంలో దానికి సగం విలువే. కొలత టేపులు, బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచీలు, రంపం బ్లేడ్లు, డ్రిల్ బిట్లు మాత్రం వారంటీ మాట చూసి కొనవద్దు.

జీవితకాలం అంటే ఎవరి జీవితం అనేది మొదట తేల్చుకోవాల్సిన సంగతి. కొన్నవాడిదా, పనిముట్టుదా, ఆ మోడల్ కొట్లో ఉన్నంత కాలమా? ప్రకటనలో లైఫ్‌టైమ్ అని వాడితే అది దేని ఆయుష్షో కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కారు సైలెన్సరుకు జీవితకాల వారంటీ అంటే అది బిగించిన కారు ఉన్నంత కాలమే కావచ్చు. చేతి పనిముట్ల అట్టల మీద ఈ వివరం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్ని బ్రాండ్లు "ఉత్పత్తి సాధారణ ఆయుష్షు" అని రాస్తాయి. అరిగిపోతే దాని ఆయుష్షు తీరినట్టే అని వాళ్ల లెక్క.

అంతకన్నా ముఖ్యంగా చూడాల్సింది ఫుల్, లిమిటెడ్ అనే మాటలు. 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ప్రకారం పది డాలర్లు దాటిన వస్తువుకు ఇచ్చే రాతపూర్వక వారంటీ మీద ఈ రెండింట్లో ఏదో ఒకటి రాసి తీరాలి. ఫుల్ అని రాశారంటే బాగుచేసినా మార్చి ఇచ్చినా డబ్బు అడగకూడదు. గడువు లోపల వస్తువు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి వారంటీ వర్తించాలి. కొన్ని ప్రయత్నాల తర్వాత కూడా బాగుపడకపోతే కొత్తదో డబ్బో ఇవ్వాలి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా దాన్ని లిమిటెడ్ అనే పిలవాలి. అంటే వాడిన పనిముట్లను గరాజ్ సేల్‌లో కొనేవాళ్లకు ఈ ఒక్క మాటతోనే చాలా తేడా వస్తుంది. మొదటి కొనుగోలుదారుడికి మాత్రమే అని రాసిన లిమిటెడ్ వారంటీ మీ చేతికి వచ్చేసరికి చెల్లదు. ఒకే బ్రాండులో సాకెట్ సెట్టుకు ఫుల్, టేపుకు లిమిటెడ్ ఉండడం మామూలే. కాబట్టి బ్రాండు పేరు చూసి ఊరుకోకుండా కొనే వస్తువు అట్ట తిప్పి చదవండి. చదివాక ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. అట్టలు పారేస్తాం, కంపెనీలు వెబ్‌సైటులో షరతులు మారుస్తాయి.

ఇక ఒక్కో కొట్టు సంగతి.

హస్కీది అన్నిటికన్నా తేలిక. విరిగిన ముక్క పట్టుకుని వెళ్లి, అలాంటిదే కొత్తది అల్మారాలోంచి తీసి, రెండూ కలిపి రిటర్న్స్ కౌంటరులో పెట్టండి. రసీదు అడగరు. కొత్తదాన్ని ముందే తీసుకెళ్లడం వల్ల కౌంటరులో ఉన్న మనిషి కంప్యూటరులో వెతుక్కునే శ్రమ తప్పుతుంది, పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ మోడల్ ఆగిపోయి ఉంటే దానికి దగ్గరగా ఉన్నది ఇస్తారు. చిక్కంతా సెట్టులో ఒక్క ముక్క విరిగినప్పుడే. విడిగా అమ్మని సాకెట్ అయితే కొట్లో దొరకదు. అప్పుడు కొత్త సెట్టు పెట్టె విప్పి ఆ ముక్క ఇవ్వడమా, కంపెనీకి ఫోన్ చేయమనడమా అనేది ఆ పూట ఉన్న మేనేజరు ఇష్టం. ఫోన్ చేస్తే పోస్టులో పంపుతారు కానీ వారాలు పట్టవచ్చు. శనివారం మధ్యాహ్నం బండి జాకీ మీద ఉండగా ఇలా జరిగితే వారంటీ సంగతి తర్వాత చూసుకుని ఆ ఒక్క సాకెట్ కొనుక్కోవడమే మేలు.

కోబాల్ట్ లోవ్స్ సొంత బ్రాండు, 1998 నుంచి ఉంది. మార్చే పద్ధతి హస్కీ లాంటిదే. క్రాఫ్ట్స్‌మన్ విషయం కొంచెం మెలికతో కూడినది. సియర్స్ అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ 1927లో నమోదు చేసిన పేరు అది. 2017లో స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ దాన్ని కొన్నది, 2018 నుంచి లోవ్స్ అమ్ముతోంది, ఏస్ హార్డ్‌వేర్‌లో కూడా దొరుకుతుంది. సియర్స్ నాటి పాత ముక్క తీసుకెళ్లినా ఇప్పటి మోడల్‌లో సరిపోయేది అల్మారాలో ఉంటే మార్చి ఇస్తారు. కానీ ఆగి ఆలోచించండి. పాత క్రాఫ్ట్స్‌మన్ చాలావరకు అమెరికాలో తయారైంది, ఇప్పుడు మీ చేతికొచ్చేది ఎక్కువగా తైవాన్‌దో చైనాదో. ఇచ్చిన పాతది తిరిగి రాదు. పళ్లు జారుతున్న పాత రాచెట్‌ని ఇచ్చేసే బదులు లోపలి భాగాలు మార్చుకుంటే మంచి పనిముట్టు మీ దగ్గరే ఉంటుంది. ఎలాగో కింద చెబుతాను.

హార్బర్ ఫ్రైట్‌లో పిట్స్‌బర్గ్, క్విన్, ఐకాన్ చేతి పనిముట్లను కొట్లోనే మార్చుకోవచ్చు. అందరికన్నా చవక ఇదే. అయితే చవక పనిముట్టుకు జీవితకాల వారంటీ ఉండడం దాని నాణ్యతకు రుజువు కాదు. తయారీ ఖర్చు రెండు డాలర్లు ఉన్న సాకెట్‌ని ఒకసారి మార్చి ఇచ్చినా కంపెనీకి పెద్ద నష్టం లేదు. విరిగేటప్పుడు మీ వేలి కణుపులు ఫెండరుకు కొట్టుకుంటే ఆ దెబ్బకు మాత్రం వారంటీ లేదు. అందుకే ఎక్కువ బలం పడే చోట, అంటే హాఫ్ ఇంచ్ సాకెట్లు (రాచెట్ చదరపు తల అర అంగుళం ఉన్నవి), బ్రేకర్ బార్ (బిగుసుకున్న నట్లు విప్పే పొడుగు కడ్డీ) లాంటి వాటిలో, ఒక మెట్టు పైది కొనమంటాను.

టెక్టన్ మిచిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ కంపెనీ. దానికి కొట్ల గొలుసు లేదు. పాడైన ముక్క ఫోటో తీసి వెబ్‌సైటులో పెడితే కొత్తది పంపుతారు, సెట్టులో ఒక్క ముక్క అయినా సరే. విడిముక్కలుగా అన్నీ అమ్మే కంపెనీ కాబట్టి హస్కీ దగ్గర వచ్చే సెట్టు తలనొప్పి ఇక్కడ రాదు. దగ్గర్లో పెద్ద కొట్లు లేని ఊళ్లలో ఉండేవాళ్లకు నేను మొదట చెప్పే పేరు ఇదే.

స్నాప్‌ఆన్ వేరే లోకం. 1920లో మొదలైన ఈ కంపెనీ పనిముట్లను ఫ్రాంచైజీ డీలర్లు ట్రక్కుల్లో పెట్టుకుని వారానికోసారి మెకానిక్ షెడ్ల చుట్టూ తిరుగుతూ అమ్ముతారు. ఆ ట్రక్కులోనే రాచెట్ విప్పి భాగాలు మార్చి ఇస్తారు, స్క్రూడ్రైవర్‌కి పిడి అలాగే ఉంచి కడ్డీ ఒక్కటే మారుస్తారు. రోజూ ఇదే పని చేసేవాడికి అంతకన్నా గొప్ప సేవ లేదు. ఇంట్లో ఏడాదికి నాలుగుసార్లు ఆయిల్ మార్చుకునే మనిషికి ఆ ధర దండగ. డీలరు ఎవరి ఉద్యోగీ కాదు, సొంత వ్యాపారం చేసుకునే మనిషి. తన దగ్గర ఎప్పుడూ కొననివాడు ఆన్‌లైనులో సెకండ్ హ్యాండ్ కొన్న ముక్క తెచ్చి మార్చమంటే అతని ముఖం మాడిపోతుంది. న్యాయంగా ఆలోచిస్తే అతని తప్పేమీ లేదు.

వాడకం ఎక్కడ ఆగి దుర్వినియోగం ఎక్కడ మొదలవుతుందో విరిగిన ముక్కే చెబుతుంది. కౌంటరు మనిషి సాధారణంగా పట్టించుకోడు. అయినా మనకు తెలియడం మంచిది, ఎందుకంటే అదే తప్పు మళ్లీ చేస్తే కొత్తదీ విరుగుతుంది.

సాకెట్ గోడ నిలువుగా పగిలిందనుకోండి. చేత్తో తిప్పుతుండగా పగిలితే అది ఉక్కును సరిగ్గా కాల్చి గట్టిపరచకపోవడం వల్లే అయి ఉంటుంది, నిశ్చింతగా మార్చమనండి. కానీ చదరపు రంధ్రం లోపలి అంచులు నలిగి, క్రోమ్ పెచ్చులు లేచి ఉంటే ఆ సాకెట్‌ని ఇంపాక్ట్ గన్‌కి (దెబ్బలు కొడుతూ నట్టు తిప్పే యంత్రానికి) తగిలించారన్నమాట. మెరిసే క్రోమ్ సాకెట్లు గట్టివి, కాబట్టి పెళుసు. గన్ కొట్టే దెబ్బకు ముక్కలై ఎగురుతాయి, కంటికి తగిలితే చూపు పోతుంది. గన్‌కి నల్లటి, మందపాటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. వాటి ఉక్కు కాస్త మెత్తన, దెబ్బను ఓర్చుకుంటుంది. వాడకుండానే క్రోమ్ పొరలు ఊడితే మాత్రం అది పూత లోపం. ఆ అంచు బ్లేడులా చేతిని కోస్తుంది. వెంటనే మార్చేయాల్సిన వస్తువు అది.

రాచెట్ల దగ్గర అసలు దోషి ఇనప గొట్టం. పిడికి గొట్టం తొడిగి పొడుగు పెంచి తుప్పు పట్టిన నట్లు విప్పడం మన షెడ్లలోనూ ఉన్న అలవాటే. లెక్క చూడండి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3315 ప్రకారం త్రీ ఎయిత్ ఇంచ్ రాచెట్ తట్టుకోవాల్సిన పరీక్ష బలం 202 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత), హాఫ్ ఇంచ్‌ది 512. 80 కిలోల మనిషి 20 సెంటీమీటర్ల పిడి చివర తన బరువంతా వేసినా 157 దాటదు, రాచెట్ క్షేమం. అదే మనిషి 60 సెంటీమీటర్ల గొట్టం తొడిగితే 471 అవుతుంది. త్రీ ఎయిత్ రాచెట్ పళ్లు రాలక మానవు. మీటరు గొట్టం తొడిగితే 785, హాఫ్ ఇంచ్ కూడా ఓడిపోతుంది. దీన్ని తయారీ లోపం అనడం సత్యం కాదు. బిగువు విప్పడానికి బ్రేకర్ బార్ ఉంది. లోపల పళ్లు ఉండవు, విరిగేందుకు చిన్న భాగాలు లేవు. హాఫ్ ఇంచ్ తలతో 60 సెంటీమీటర్ల పొడుగుది ఒకటి ఉంటే గరాజులో సగం రాచెట్లు బతుకుతాయి. టయోటా కామ్రీ చక్రం నట్టు బిగింపు 103 న్యూటన్ మీటర్లే, దాన్ని విప్పడానికి గొట్టాల అవసరం మామూలుగా రాదు. అవసరం పడిందంటే టైరు షాపువాడు గన్‌తో అతిగా బిగించాడనో, తుప్పు పట్టిందనో అర్థం.

స్క్రూడ్రైవర్ల మీద జరిగేంత దుర్వినియోగం ఇంకే పనిముట్టు మీదా జరగదు. రంగు డబ్బా మూత లేపడానికి, ఉలిలా సుత్తితో కొట్టడానికి, గునపంలా ఎత్తడానికి అందరూ దాన్నే అందుకుంటారు. కడ్డీ వంగితే ఎత్తారన్నమాట. పిడి తల చిట్లితే కొట్టారన్నమాట. రెండూ వారంటీ పరిధిలో లేవు. ప్లస్ మొన అరిగి గుండ్రమవడం అరుగుదల కిందికే వస్తుంది, చాలా కంపెనీలు దాన్ని ఒప్పుకోవు, కొట్లు మాత్రం చూసీ చూడనట్టు మార్చేస్తాయి. అసలు ఆ మొనలు ఎందుకు అరుగుతున్నాయో చూడాలి. మనవాళ్లలో చాలామంది దగ్గర హోండాలు, టయోటాలు ఉంటాయి. జపాన్ బండ్లలో వాడే ప్లస్ స్క్రూల గాడి అక్కడి జేఐఎస్ ప్రమాణం ప్రకారం ఉంటుంది. మామూలు ఫిలిప్స్ మొన అందులో అడుగు దాకా కూర్చోదు, బలం పెట్టగానే పైకి జారుతుంది. స్క్రూ తలా పోతుంది, మొనా పోతుంది. హోండా సివిక్, అకార్డ్‌లలో బ్రేకు డిస్కును హబ్బుకు పట్టి ఉంచే రెండు స్క్రూలు ఇందుకు పేరు మోసినవి. వాటికి సుత్తితో కొడితే తిరిగే హ్యాండ్ ఇంపాక్ట్ డ్రైవర్, దానికి 3వ నంబరు జేఐఎస్ బిట్ వాడాలి. కొట్టే ముందు తుప్పు వదిలించే నూనె చల్లి పావుగంట ఆగాలి. ఈ పద్ధతిలో స్క్రూ తల చెడకుండా వస్తుంది, స్క్రూడ్రైవర్ మార్చమని కొట్టుకు వెళ్లే పనే ఉండదు.

కటింగ్ ప్లయర్లతో గట్టిపరచిన ఉక్కు తీగ గానీ మేకు గానీ కోస్తే నోటిలో గంట్లు పడతాయి. అది లోపం కాదు. కొత్త ప్లయరు మామూలు రాగి తీగకే గంటు పడితే లోపమే. పానాను గ్యాసు టార్చితో కాల్చి వంచినా, ఇరుకు సందులో దూరడానికి గ్రైండరుతో పలచగా అరగదీసినా వారంటీ అక్కడితో పోయింది. అలా చేయడం తప్పని కాదు, కొన్ని పనులకు అలాంటి పానా తప్పదు. దానికోసం చవక పానా ఒకటి వేరే కొని పెట్టుకోండి. టేపు కొక్కెం వంగడం, బ్లేడు మడత పడడం, అంకెలు చెరిగిపోవడం అరుగుదలలో జమ. టార్క్ రెంచికి చాలా బ్రాండ్లు వేరే చిన్న గడువు ఇస్తాయి, ఎందుకంటే అది కొలిచే సాధనం. దానితో నట్లు విప్పకండి. పని అయ్యాక స్కేలులోని కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టండి. పోయిన వస్తువుకు, దొంగలెత్తుకుపోయిన వస్తువుకు ఏ వారంటీ లేదు, ఎప్పుడూ కనబడకుండా పోవడంలో ప్రసిద్ధమైన 10 మిల్లీమీటర్ల సాకెట్‌తో సహా.

ఇవన్నీ ఒక ఎత్తు, కావాలని చేసే మోసం మరో ఎత్తు. యార్డ్ సేల్‌లో తుప్పు పట్టిన, విరిగిన ముక్కలు బకెట్టు లెక్కన కొని, కొట్లో కొత్తవాటితో మార్చుకుని, ఆన్‌లైనులో అమ్ముకునేవాళ్లు ఉన్నారు. సియర్స్ కౌంటర్లు ఇలాంటివాళ్లను దశాబ్దాల పాటు భరించాయి. చివరి రోజుల్లో పాత రాచెట్ ఇస్తే కొత్తదానికి బదులు, ఎవరో ఇచ్చిన రాచెట్‌కే లోపలి భాగాలు మార్చింది చేతిలో పెట్టేవారు. 2018 అక్టోబరులో సియర్స్ దివాలా పిటిషన్ వేసింది. దాని పతనానికి కారణాలు వేరే, పనిముట్ల మార్పిడి కాదు. కానీ వారంటీ పలచబడిన తీరు అందరూ చూశారు. బట్టలు, బూట్లు అమ్మే ఎల్ఎల్ బీన్ అయితే కారణం దాచలేదు. ఎన్నేళ్లకైనా వాపసు తీసుకునే పాత మాటను 2018 ఫిబ్రవరిలో ఏడాదికి కుదించి, కొందరు యార్డ్ సేల్ సరుకు కూడా తెచ్చి మార్చుకుంటున్నారని బాహాటంగా చెప్పింది. ఆ నష్టం నిజాయితీగా వాడుకున్నవాళ్ల నెత్తిన పడింది. తుప్పు పట్టినంత మాత్రాన పనిముట్టు చెడినట్టు కాదు. దాన్ని తెల్ల వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాస్తే సరిపోతుంది.

ఒక్కసారి వాడి వాపసు ఇచ్చేద్దామని కొనడం కూడా దుర్వినియోగమే. దానికి చక్కటి దారి ఉంది. ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల కొట్లు బాల్ జాయింట్ ప్రెస్, బేరింగ్ పుల్లర్ వంటివి డిపాజిట్ కట్టించుకుని ఇస్తాయి. గడువులోగా వెనక్కి ఇస్తే డబ్బంతా తిరిగి వస్తుంది. తీసుకునే ముందు పెట్టె విప్పి అన్ని ముక్కలూ ఉన్నాయో లేదో కౌంటరులోనే లెక్క చూసుకోండి, ముందువాడు పోగొట్టిన ముక్క మీ లెక్కలో పడకుండా.

ఇక రాచెట్ మరమ్మతు. రాచెట్ జారుతోందంటే చాలాసార్లు విరిగింది ఏమీ ఉండదు. లోపలి గ్రీజు ఎండి జిగురై, పళ్ల చక్రాన్ని పట్టి ఆపే చిన్న పన్ను పూర్తిగా కూర్చోదు. బలం పడగానే జారుతుంది, అలాగే వాడితే అప్పుడు నిజంగానే పళ్లు రాలుతాయి. తల వెనక రెండు స్క్రూలో ఒక స్ప్రింగ్ రింగో ఉంటుంది. తలను పారదర్శకంగా ఉండే పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి అందులోనే చేతులు పెట్టి విప్పండి, లోపల బియ్యపు గింజంత స్ప్రింగు, చిన్న గోళీ ఉంటాయి, ఎగిరితే దొరకవు. విప్పుతూ ప్రతి దశలో ఫోటో తీయండి. భాగాలను కిరసనాయిలుతోనో మినరల్ స్పిరిట్‌తోనో కడిగి, పాత టూత్‌బ్రష్‌తో పళ్ల సందులు తుడవండి. పళ్ల మొనలు పదునుగా ఉంటే అన్నీ తిరిగి పెట్టి పలచటి గ్రీజు కొద్దిగా రాస్తే చాలు. చక్రాల బేరింగుకు వాడే చిక్కటి గ్రీజు వద్దు, చలిలో అది బిగుసుకుని పన్నును మళ్లీ పట్టేస్తుంది. పళ్లు గుండ్రమైతే, ముక్కలు రాలితే కంపెనీని రిపేర్ కిట్ అడగండి. టెక్టన్, స్నాప్‌ఆన్ లాంటివాళ్లు ఇస్తారు. కిట్ దొరకని బ్రాండు అయితే అప్పుడు కౌంటరు దారి.

ఇండియాకు వెళ్లేటప్పుడు నాన్నకో బావమరిదికో పనిముట్ల సెట్టు తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. ఈ కొట్ల వారంటీ అమెరికాలో కౌంటరు దాకా వెళ్లగలిగినవాళ్లకే పనికొస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో హస్కీ రాచెట్ మార్చి ఇచ్చేవాళ్లు ఉండరు. కదిలే భాగాలు లేని పానాలు, అలెన్ కీలు, సాకెట్లు తీసుకెళ్లండి, అన్నీ మిల్లీమీటర్ల సైజులే. అంగుళాల సైజులు కలిసిన సెట్టులో సగం బరువు వృథా. రాచెట్ తప్పనిసరి అయితే దాని రిపేర్ కిట్ కూడా కొని అదే పెట్టెలో పెట్టండి. అన్నీ చెకిన్ సామానులోనే పెట్టండి, అమెరికా విమానాశ్రయాల్లో 7 అంగుళాలు దాటిన పనిముట్టును క్యాబిన్‌లోకి రానివ్వరు. 23 కిలోల పెట్టెలో సగం ఇనుమే నింపితే అడుగు చక్రాలు ఊడతాయి, కాబట్టి బరువును రెండు పెట్టెల్లో పంచి, సాకెట్లను గుచ్చి ఉంచే పట్టీ నుంచి తీసి మందపాటి గుడ్డలో చుట్టి పెట్టండి.